చేతి పనిముట్లకు ఎక్కువ డబ్బు పెట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కుళాయి కారినా, తలుపు గడియ ఊడినా మనిషిని పిలవకుండా నేనే విప్పి చూసే అలవాటు నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. వృత్తిరీత్యా నేను మెకానిక్కునూ కాదు, వడ్రంగినీ కాదు. చెడగొట్టి నేర్చుకున్నవాణ్ణి. ఈ సంగతి తెలిసిన బంధువులు, పక్కింటివాళ్లు హార్డ్‌వేర్ దుకాణంలో నిలబడి మరీ ఫోను చేసి అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది.

100 రూపాయల కటింగ్ ప్లేయరూ ఉంది, 350దీ ఉంది, 3,000దీ ఉంది. తేడా నిజంగా ఉందా, లేక పేరుకే డబ్బు కడుతున్నామా?

తేడా ఉంది. కాని మెట్లు సమానంగా లేవు. మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య ఉన్నది అగాధం. రెండో దానికీ మూడో దానికీ మధ్య ఉన్నది, ఇంటి పని చేసుకునేవాళ్ల వరకు, చిన్న ఎత్తు మాత్రమే.

మొదటి రకం గోనెపట్టా మీద కుప్పపోసి అమ్మేది. దాని నోరు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కోసే అంచుల మధ్య సందు కనిపిస్తుంది. నాలుగు ఇనుప తీగలు కోసేసరికి అంచుల మీద నొక్కులు పడతాయి. ఆ తర్వాత అది తీగను కోయదు, నములుతుంది. రెండో రకం మన దేశంలో పేరున్న కంపెనీలవి. 1969లో ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో తయారీ మొదలుపెట్టిన టపారియా ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది. జలంధర్, లూథియానాల్లో తయారయ్యే పానాలు విదేశాలకూ వెళ్తున్నాయి. మూడో రకం జర్మనీలోని వూపర్టాల్‌లో 1882 నుంచి ఉన్న క్నిపెక్స్ లాంటివాళ్లది. రోజుకు రెండు వందల తీగలు కోసే ఎలక్ట్రీషియన్‌కు ఆ మూడో రకం విలువ సాయంత్రం మణికట్టు చెబుతుంది. నెలకు నాలుగుసార్లు ప్లేయర్ పట్టుకునే నా మణికట్టు మాత్రం ఏమీ చెప్పలేదు.

అందువల్ల అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. రెండో మెట్టు కళ్లు మూసుకుని ఎక్కండి. మూడో మెట్టు దగ్గర ఆగి, ఆ పనిముట్టు వారానికి ఎన్నిసార్లు చేతిలోకి వస్తుందో లెక్కపెట్టుకోండి.

ఎక్కువ ధరలో అసలు దేనికి కడుతున్నాం? ఇనుము ఇనుమే కదా?

ఇనుము ఇనుమే. కాల్చిన తీరు వేరు.

మా ఊళ్లో ఇంటికి నాలుగు గడపల అవతల కమ్మరి కొలిమి ఉండేది. లారీ కమాను పట్టీ ముక్క తెచ్చిస్తే ఆయన కత్తి చేసేవాడు. సాగగొట్టడం, ఆకారం తేవడం చూడటానికి సరదాగా ఉండేది కాని, పని అంతా ఆఖరి పది నిమిషాల్లోనే ఉందని నాకు చాలా కాలానికి అర్థమైంది. ఎర్రగా కాలిన కత్తిని నీళ్లలో ముంచితే అది గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గట్టిగా కొట్టినప్పుడు గాజులాగే పెళుసుగా విరుగుతుంది. అందుకని ఆయన దాని ఒక పక్కను రాయి మీద రుద్ది మెరిసేలా చేసి, మళ్లీ మెల్లగా వేడి చేస్తూ రంగు కోసం ఎదురుచూసేవాడు. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆ పైన ఊదా, చివరికి నీలం. ఎండుగడ్డి రంగు వచ్చేసరికి వేడి సుమారు 220 నుంచి 230 డిగ్రీలు, నీలం వచ్చేసరికి 300 దగ్గర. ఏ రంగు దగ్గర ఆపాలన్నది ఆ పనిముట్టు చేయాల్సిన పనిని బట్టి ఉంటుంది. అంచు నిలవాలంటే ముందే ఆపాలి, దెబ్బ తట్టుకోవాలంటే ఇంకొంచెం పోనివ్వాలి.

కర్మాగారంలో ఆయన కంటి స్థానంలో కొలిమి గడియారం, ఉష్ణోగ్రత మీటరు ఉంటాయి. మంచి కంపెనీ ప్రతి దఫా సరుకులో కొన్నింటిని తీసి గట్టిదనం కొలుస్తుంది. చవక సరుకు చేసేవాళ్లు ముందుగా కోతపెట్టేది ఇక్కడే. పైకి కనిపించని పని కదా. మీరు కట్టే అదనపు డబ్బులో పెద్ద వాటా ఈ పది నిమిషాలకూ, ఆ తర్వాత నోటినీ అంచునూ కచ్చితమైన కొలతకు అరగదీయడానికీ వెళ్తుంది.

పిడి మీద 'క్రోమ్ వెనేడియం' అని చెక్కి ఉంటే సంతోషించకండి. అది నిజమే అయినా ఉక్కు ఏ జాతిదో చెబుతుంది కాని, దాన్ని ఎలా కాల్చారో చెప్పదు. మంచి బియ్యం కొన్నంత మాత్రాన అన్నం బాగా ఉడికినట్టు కాదు. ఈ విషయంలో మనకు పాత అనుభవమే ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న 'వూట్జ్' అనే పేరు మన దక్షిణాది 'ఉక్కు'లోంచే వచ్చిందని పండితులు చెబుతారు.

దుకాణంలో నిలబడి మంచిదేదో చెడ్డదేదో కనిపెట్టగలమా?

చాలావరకు కనిపెట్టగలం. దుకాణదారు విసుక్కున్నా పట్టించుకోకండి.

ప్లేయర్ అయితే వెలుతురు పరీక్ష పైన చెప్పాను. దాన్ని కొద్దిగా తెరిచి రెండు పిడులనూ పక్కలకు కదపండి. కీలు దగ్గర లొటలొటలాడితే పక్కన పెట్టేయండి. జేబులో ఉన్న బిల్లు కాగితం అంచును కోసి చూడండి. మంచి అంచు కాగితాన్ని శుభ్రంగా తెంపుతుంది, చెడ్డది మడతపెడుతుంది. పానా అయితే దుకాణంలోనే ఉన్న అదే కొలత బోల్టు అడిగి తొడిగి కదిపి చూడండి. స్క్రూడ్రైవర్ అయితే మొనను గోటితో తడమండి. అంచులు పదునుగా, మొన మధ్యలో నిటారుగా ఉండాలి. పిడిని తిప్పుతూ చూస్తే కడ్డీ ఊగకూడదు. అల్లెన్ కీ, అంటే తల మీద ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలను తిప్పే వంపు కడ్డీ, దాని చివర ఆరు మూలలూ స్పష్టంగా తెలియాలి, రంగు పూత కింద గుండ్రంగా కరిగిపోయినట్టు ఉండకూడదు.

కొన్న తర్వాత ఇంటి దగ్గర చేయగలిగిన పరీక్ష ఆకురాయిది. ఉలి అంచు దగ్గర ఒక మూల మీద కొత్త ఆకురాయిని మెల్లగా లాగండి. జారిపోతే ఉలి గట్టిది. వెన్నలో దిగినట్టు దిగితే దాని మీద ఎంత సాన పట్టినా వృథా. ఈ పరీక్షను పానాల మీద చేయకండి. పానా విరగకుండా ఉండటానికి దాన్ని కావాలనే ఉలికన్నా మెత్తగా ఉంచుతారు. మంచి ఉలి గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటుంది, పానాది అంతకన్నా బాగా తక్కువ.

ఇంట్లో ముందుగా దేనికి ఎక్కువ డబ్బు పెట్టాలి?

స్క్రూడ్రైవర్‌కు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. స్క్రూడ్రైవర్‌లో ఏముంటుందని.

కథ చెబుతాను. జపాన్ సాంకేతికతతో వచ్చిన పాత బైకు ఒకటి నా దగ్గర ఉండేది. క్లచ్ కవరు విప్పాల్సి వచ్చింది. చుట్టూ ప్లస్ స్క్రూలు. నా దగ్గర ఉన్నది 40 రూపాయల స్క్రూడ్రైవర్. మొదటి రెండు వచ్చాయి. మూడోది కదలలేదు, స్క్రూడ్రైవర్ మాత్రం తిరిగింది. ఇంకాస్త నొక్కాను, మళ్లీ తిరిగింది. చూసేసరికి స్క్రూ తల మీది ప్లస్ గుర్తు చిన్న గిన్నెగా మారిపోయింది, స్క్రూడ్రైవర్ మొన మెలితిరిగింది. బైకును తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళితే ఆయన ఉలి, సుత్తి పెట్టి దాన్ని తీసి, కొత్త స్క్రూలు వేసి, నా ఆదివారం మొత్తానికీ కలిపి 600 తీసుకున్నాడు. 40 రూపాయల స్క్రూడ్రైవర్ ఖరీదు నాకు 640 పడింది.

తప్పు ఉక్కుదే కాదు, కొలతదీ. 1930ల్లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ వ్యాప్తిలోకి తెచ్చిన ప్లస్ స్క్రూలో పల్లపు గోడలు వాలుగా ఉంటాయి. బలం ఎక్కువైతే మొన పైకి జారి బయటికి వచ్చేస్తుంది. జపాన్ ప్రమాణం ప్లస్ చూడటానికి అదే అయినా లోపలి ఆకారం కొంచెం వేరు. తల మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ రకమని అనుమానించాలి. అలాంటిచోట మామూలు ప్లస్ మొన అడుగుదాకా దిగదు. బిగుసుకుపోయిన స్క్రూలకు, వెనక సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి ఉంటే నాకు ఆ 600 మిగిలేవి.

ఇంట్లో తగిలే ప్లస్ స్క్రూల్లో ఎక్కువ భాగానికి 2 నంబరు మొన సరిపోతుంది. ఆ ఒక్కటీ మంచిది కొనండి. దానికి తోడు 1 నంబరు, చదును మొనది ఒకటి ఉంటే చాలు. ఇదంతా కలిపినా ఒక కుటుంబం హోటల్లో ఒకపూట భోంచేసినంత ఖర్చు కాదు. చౌక పనిముట్టుతో వచ్చే నష్టం దాని ధరలో కనిపించదు. అది పాడుచేసే వస్తువు ధరలో కనిపిస్తుంది.

పానాల సంగతి ఏమిటి? సెట్టు మొత్తం కొనాలా?

బైకు పని కోసమైతే 8, 10, 12, 14, 17 కొలతలే ఎక్కువగా తగులుతాయి. వాటిలో రింగ్ స్పానర్లు మంచివి తీసుకోండి. నోరు తెరిచి ఉండే పానా బోల్టును రెండు వైపులే పట్టుకుంటుంది. రింగు చుట్టూ పట్టుకుంటుంది. బోల్టు మూలలు గుండ్రమైపోవడం అన్నది తొంభై పాళ్లు తెరిచిన నోటి పానా వల్లే జరుగుతుందని నా అనుభవం. బోల్టు తల మీద టోపీలా తొడిగి తిప్పే సాకెట్లలో ఆరు మూలలవీ, పన్నెండు మూలలవీ ఉంటాయి. తుప్పుపట్టిన బోల్టుకు ఆరు మూలలది మేలు. అది మూలల మీద కాకుండా పక్కల మీద ఒత్తిడి పెడుతుంది.

చవక పానాలో చూడాల్సింది దాని నోరే. గట్టిగా తిప్పినప్పుడు అది కొంచెం విచ్చుకుంటుంది. అరమిల్లీమీటరు విచ్చుకున్నా బోల్టు మూలలు పోతాయి. పిడికి పైపు తొడిగి తిప్పే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. పిడి పొడవు రెట్టింపు అయితే అదే చేతి బలానికి తిప్పే శక్తి కూడా రెట్టింపు అవుతుంది. మంచి పానా అయినా దానికి తట్టుకునేలా చేసింది కాదు. పొడవు పిడి పానా విడిగా కొనండి, పైపు మానండి.

1892లో స్వీడన్‌కు చెందిన యోహాన్సన్ పేటెంటు తీసుకున్న నమూనా మీద వస్తున్న స్క్రూ స్పానర్ విషయంలో చవకదానికన్నా అసలు లేకపోవడం మేలు. కదిలే దవడ ఊగుతూ ఉంటే అది పానా కాదు, బోల్టును అరగదీసే ఆకురాయి. మంచిదైనా తిప్పేటప్పుడు బలం కదలని దవడ మీద పడేలా పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుని పానాను తిడతారు.

108 ముక్కల సెట్టు తక్కువ ధరకు వస్తోంది. విడివిడిగా కొనడం కన్నా లాభమే కదా?

లెక్కపెట్టండి. 108లో 60 చిన్న బిట్లు, అంటే పిడికి మార్చి మార్చి తగిలించే స్క్రూడ్రైవర్ మొనలు ఉంటాయి. వాటిలో 50 మీ జీవితంలో తగలవు. పెట్టె చూడటానికి బాగుంటుంది, గృహప్రవేశానికి బహుమతిగా ఇవ్వడానికి ఇంకా బాగుంటుంది. అదే డబ్బుకు ఆరు మంచి వస్తువులు వస్తాయి. నేనైతే ఆ ఆరే కొంటాను. సాకెట్ సెట్టు మాత్రం దీనికి మినహాయింపు. అది విడిగా కొంటే నిజంగానే ఎక్కువవుతుంది. పేరున్న కంపెనీ సెట్టు తీసుకుని, సాకెట్లను తగిలించి తిప్పే పిడిని, అంటే రాట్చెట్‌ను, చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. సన్నగా, వరసగా టకటకమనాలి. మధ్యలో జారినట్టు వినిపిస్తే వద్దు.

కరెంటు పనికి పిడి మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే చాలదా?

చాలదు. ఇక్కడ నేను బేరమాడను.

మామూలు ప్లేయర్ పిడి మీది ప్లాస్టిక్ చేతికి పట్టు కోసం వేసింది. దానికి 230 వోల్టులను ఆపే పూచీ ఎవరూ ఇవ్వలేదు. లోపల చిన్న గాలి బుడగ, పక్కన ఒక గీటు చాలు. కరెంటు పనికి చేసిన వాటి మీద రెండు త్రిభుజాలు కలిసిన గుర్తు, దాని పక్కన 1000 వోల్టుల అంకె ఉంటాయి. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసినవి అవి. అలాంటి వాటిని అమ్మకానికి పంపే ముందు 10,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. తొడుగు చిరిగితే ఆ హామీ కూడా అక్కడితో పోయినట్టే, టేపు చుట్టి వాడకండి. ఆ గుర్తు ఉంది కదా అని మెయిన్ ఆపకుండా పని చేయడం కూడా తెలివి కాదు.

టెస్టర్ మరీ ముఖ్యం. లోపల ఉన్న చిన్న నిరోధకమే మీ వేలికీ కరెంటుకూ మధ్య అడ్డం. 15 రూపాయల టెస్టర్‌లో అది ఎలాంటిదో మీకు తెలియదు. పైగా దీపం వెలగనంత మాత్రాన కరెంటు లేదని అర్థం కాదు, దీపమే పోయి ఉండవచ్చు. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే అనుమానం ఉన్నచోట పెట్టండి.

కొలత పనిముట్లలో ఖరీదైనది కచ్చితంగా ఉంటుందా?

కొన్నిసార్లు ఉంటుంది. అయితే చవకైనదాన్ని కూడా మనమే పరీక్షించుకోవచ్చు, అందుకే ఇక్కడ ఎక్కువ పెట్టమని నేను చెప్పను.

రసమట్టాన్ని బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. అక్కడే దాన్ని అటుది ఇటు తిప్పి పెట్టండి. బుడగ మళ్లీ అదే చోట, బల్లకు అదే వైపు ఆగితే మట్టం సరైనది, బల్ల వంకర అయినా పరవాలేదు. మూలమట్టానికి కూడా ఇదే ఉపాయం. తిన్నని అంచుకు ఆనించి గీత గీసి, తిప్పి మళ్లీ గీయండి. రెండు గీతలూ కలిసిపోవాలి. విడిపోతే ఆ ఎడంలో సగం దాని తప్పు.

టేపు కొక్కెం కదులుతోందని దుకాణంలో వాపసు ఇచ్చినవాళ్లను చూశాను. అది కావాలనే కదిలేలా పెట్టింది. బయట తగిలించి లాగినప్పుడూ, లోపల గోడకు ఆనించి నెట్టినప్పుడూ కొక్కెం మందం మేరకు జరిగి రెండు కొలతలనూ సరిచేస్తుంది. చూడాల్సింది టేపు మీద ఉండే తరగతి గుర్తు. యూరప్ ప్రమాణంలో రెండో తరగతి 5 మీటర్ల టేపుకు 1.3 మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకుంటారు, మొదటి తరగతికి 0.6 వరకే. అలమరా చేసుకునేవాళ్లకు రెండో తరగతి చాలు. ఒక పని మొత్తానికి ఒకే టేపు వాడటం అంతకన్నా ముఖ్యం.

ఇక ఖరీదుకూ కచ్చితత్వానికీ ముడి లేదనడానికి తాపీమేస్త్రీల నీళ్ల పైపే సాక్ష్యం. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్లు పోసి రెండు చివరలూ రెండు గోడల దగ్గర పట్టుకుంటే నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. మధ్యలో గది ఉన్నా, మూల తిరిగినా పరవాలేదు. లోపల గాలి బుడగలు లేకుండా చూసుకోవడమొక్కటే జాగ్రత్త. పునాది మూల చూడటానికి వాళ్లు తాడు మీద 3, 4, 5 అడుగులు కొలుస్తారు. ఆ త్రిభుజం మూల లంబకోణమే అవుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఉలి, చిత్రిక, రంపం కొత్తగా సరదాకు నేర్చుకుంటున్నాను. ఖరీదైన ఉలి కొంటే పని బాగా వస్తుందా?

సానరాయి కొంటే వస్తుంది. ఖరీదైన ఉలి కూడా పెట్టెలోంచి తీసినప్పుడు పూర్తి పదునుతో ఉండదు, దాని వీపు భాగాన్ని చదును చేసి, 25 నుంచి 30 డిగ్రీల మధ్య అంచు తీసుకోవాల్సింది మీరే. సాన పట్టడం రానివాళ్ల చేతిలో 2,000 రూపాయల ఉలి వారానికి మొద్దవుతుంది. సాన పట్టడం వచ్చినవాళ్ల చేతిలో 300 రూపాయలది కూడా టేకును పల్చని పొరలుగా తీస్తుంది. కాబట్టి మధ్యరకం ఉలులు రెండు, అంగుళంది ఒకటి, అర అంగుళంది ఒకటి, మంచి సానరాయి ఒకటి. తుమ్మ లాంటి గట్టి చెక్కతో పని మొదలుపెట్టకండి. అది మంచి ఉలినీ మొద్దుబారుస్తుంది, మీ ఉత్సాహాన్నీ.

రంపాల్లో ఒక మెలిక ఉంది. పళ్ల కొసలు నల్లగా, నీలంగా కనిపించే రంపాల్లో కొసలను మాత్రమే బాగా గట్టిపరుస్తారు. చాలాకాలం పదును ఉంటుంది కాని, పోయిన తర్వాత ముక్కోణపు ఆకురాయి వాటి మీద పనిచేయదు, పారేయాల్సిందే. పాత తరహా రంపం త్వరగా మొద్దవుతుంది, వడ్రంగి దాన్ని మళ్లీ మళ్లీ పదును పెట్టుకుంటూ పదేళ్లు లాగుతాడు. ఏడాదికి రెండుసార్లు రంపం పట్టేవాళ్లకు మొదటిదే మేలు.

అయితే వేటికి చవకవి చాలు?

గడ్డపార, బకెట్టు, గోకుడు రేకు, రంగు డబ్బా మూత తీసేది, తాపీ, సీకులు. హాక్సా చట్రం మధ్యరకంది చాలు, డబ్బు బ్లేడు మీద పెట్టండి. విరగకుండా వంగే బైమెటల్ బ్లేడు మామూలు దానికన్నా ఎన్నో రెట్లు పని చేస్తుంది. సుత్తి కూడా చవకదే చాలని ఒకప్పుడు అనేవాణ్ణి. ఇప్పుడు ఒక షరతు పెడతాను: తల ఊగకూడదు. సుత్తితో సుత్తిని మాత్రం ఎప్పుడూ కొట్టకండి, ముక్క ఎగిరితే కంటికే వస్తుంది.

ఏడాదికి ఒకసారి కూడా వాడనివి, అంటే పైపు రెంచి, బేరింగు లాగే పుల్లర్ లాంటివి, కొనడమే అనవసరం. అద్దెకు తెచ్చుకోండి, లేదా ఆ పని మెకానిక్‌కే ఇవ్వండి.

మా అబ్బాయి ఐటీఐలో ఫిట్టర్ చేరాడు. వాడికి ఏం కొనివ్వాలి?

ఈ ప్రశ్న అడిగిన తండ్రి కారు మెకానిక్కుల పెట్టెలాంటిది కొనబోతూ ఫోను చేశాడు. ఆపాను. ఫిట్టర్ రెండేళ్ల కోర్సులో మొదటి నెలలు ఆకురాయితోనే గడుస్తాయి. మంచి ఆకురాళ్లు రెండు, ఒకటి గరుకుది, ఒకటి నునుపుది, వాటిని శుభ్రం చేసే తీగ బ్రష్షు, పళ్లలో ఇనుప రజను ఇరుక్కోకుండా రుద్దడానికి సుద్దముక్క. ఆపైన 0.02 మిల్లీమీటర్ల వరకు చదవగలిగే వెర్నియర్ కాలిపర్. దీని మీద మాత్రం నేను ఎక్కువ పెట్టమనే చెప్పాను. పిల్లవాడు దాని మాట నమ్మి నేర్చుకుంటాడు. పనిముట్టు అబద్ధం చెబితే చేతికి తప్పు అలవాటవుతుంది. మిగతావి వాడు చేరే పనిని బట్టి, వాడి మొదటి జీతంలోంచి కొనుక్కుంటాడు. పెద్ద పెట్టె ముందే ఇస్తే అందులో సగం తోటి విద్యార్థుల దగ్గర చేరుతుంది.

బావగారు అమెరికా నుంచి వస్తున్నారు. అక్కడి పనిముట్లు తెప్పించుకోవాలా?

ఒకటి రెండు తెప్పించుకోండి, పెట్టె వద్దు. అక్కడ చాలా కంపెనీలు చేతి పనిముట్లకు జీవితకాలం హామీ ఇస్తాయి, విరిగినది తీసుకెళితే కొత్తది చేతిలో పెడతారు. ఇక్కడ విరిగితే ఆ హామీ కోసం మళ్లీ బావగారే విమానం ఎక్కాలి. బరువూ చూసుకోవాలి, పెద్ద పనిముట్లను చేతి సంచిలో పెట్టుకుని ఎక్కనివ్వరు.

అంతకన్నా పెద్ద చిక్కు కొలతలది. అక్కడి సెట్లలో సగం అంగుళాల లెక్కలో ఉంటాయి. మన బైకులూ కార్లూ మిల్లీమీటర్లు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 బోల్టుకు పట్టదు, 12 బోల్టు మీద ఊగి మూలలు తినేస్తుంది. ముప్పావు అంగుళం మాత్రం అదృష్టవశాత్తు 19కి దాదాపుగా సరిపోతుంది. మెట్రిక్ సెట్టు అని గట్టిగా చెప్పండి.

పాతవి కొనవచ్చా?

కొనవచ్చు, అసలు నాకిష్టమైన కొనుగోలు అదే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు కింద మంచి ఉక్కు దొరుకుతుంది. కొత్తదాని కోసం రాణిగంజ్ వెళ్లే ముందు అక్కడ ఒక చుట్టు తిరుగుతాను. తుప్పు పైపైన ఉంటే పరవాలేదు, గుంటలు పడి ఉంటే వదిలేయండి. పానా నోరు విచ్చుకుందేమో కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి చూడండి. ఉలి అయితే అంచు నీలంగా ఉందేమో చూడండి. గ్రైండర్ మీద వేడెక్కి పదును పోగొట్టుకుందన్నమాట, ఆ నీలం భాగం అరిగేదాకా అది నిలవదు. కరెంటు పనిముట్లు మాత్రం పాతవి కొనకండి.

విశాఖలో ఉంటాం. ఎంత మంచివి కొన్నా తుప్పు పడుతున్నాయి.

సముద్రపు గాలికి కంపెనీ పేరు తెలియదు. క్రోమియం పూత బాగా ఉన్నంతకాలం కాపాడుతుంది, పెచ్చులూడితే ఆ అంచులు చేతులను కోస్తాయి కూడా. వాడిన తర్వాత చెమట తుడిచి, కుట్టుమిషను నూనె గుడ్డతో ఒకసారి రాయండి. వంటనూనె రాయకండి, కొన్నాళ్లకు జిగురు పట్టి అట్టలు కడుతుంది. కర్ర పిడులకు అవిసె నూనె రాస్తే అది లోపలికి ఇంకి ఆరుతుంది, పిడి పగలదు. ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉంచడం కన్నా గోడకు తగిలించడం మేలు, లోపల చెమ్మ చేరి ఉండిపోదు.

పక్కింటివాళ్లు అరువు అడిగితే ఇవ్వాలా?

పానా ఇస్తాను, సుత్తి ఇస్తాను. ఉలి ఎవరికీ ఇవ్వను, అది గోడకు మేకు ఊడదీసే పనికి వెళ్లి తిరిగివస్తుంది. స్క్రూడ్రైవర్ అడిగినవాళ్లకు, మొన మెలితిరిగిన ఆ 40 రూపాయలదే ఇస్తున్నాను. ఇప్పటిదాకా అందరూ దాన్ని రంగు డబ్బా మూత తీయడానికే అడిగారు, అందుకు అది భేషుగ్గా పనికొస్తోంది.